చీకట్లో చేతికందే లైటు: ఇంటికి ఎలాంటి టార్చి కొనాలి

ఇంట్లో టార్చి లేనివాళ్లు తక్కువ. కరెంటు పోయిన నిమిషంలోనే అది చేతికి దొరికేవాళ్లు ఇంకా తక్కువ. బీరువాలో బట్టల కింద ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి, పిల్లలు ఆడుకుని మంచం కిందికి తోసేసింది ఒకటి, ఇలా లెక్కకు మూడు ఉంటాయి. వాటిని వెతకడానికి ఫోను లైటు కావాలి. ఫోనేమో పక్క గదిలో చార్జింగులో ఉంటుంది. ఈ చిక్కును తీర్చే వస్తువు ఒకటుంది. స్విచ్చి కట్టేసినా పూర్తిగా ఆరిపోకుండా, మిణుగురంత వెలుగుతో పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండే చిన్న టార్చి అది. మన బజారులో దీని గురించి అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు అంతకంటే లేరు. ఏది కొనాలి, ఏది కొనకూడదు, దొరక్కపోతే ఉన్నదాన్నే ఎలా మార్చుకోవాలి అన్నది విశాఖ దగ్గరి పరవాడ చుట్టుపక్కల ఇళ్లను మనసులో పెట్టుకుని చూద్దాం.

పరవాడలో చీకటి గురించి మాట్లాడటం కొందరికి వింతగా ఉండొచ్చు. ఊరి పక్కనే ఎన్టీపీసీ సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2,000 మెగావాట్లు. ఉద్యోగుల కాలనీ పేరే దీపాంజలి నగర్. అయితే అక్కడ పుట్టిన కరెంటు 400 కిలోవోల్టుల లైన్ల మీద నేరుగా గ్రిడ్డులోకి వెళ్లిపోతుంది. మన ఇంటికి వచ్చేది సబ్‌స్టేషను నుంచి 11 కిలోవోల్టుల లైను, దాని చివర ఒక ట్రాన్స్‌ఫార్మరు, అక్కడి నుంచి స్తంభాల మీదుగా సన్నటి తీగలు. ఈదురుగాలికి తాటిమట్ట విరిగి ఆ ఆఖరి తీగ మీద పడిందంటే, చిమ్నీలు ఎంత దగ్గరున్నా ఇంట్లో చీకటే. ఇటు ఫార్మాసిటీ, అటు స్టీల్‌ప్లాంటు షిఫ్టుల వల్ల ఈ ప్రాంతంలో అర్ధరాత్రి లేచి తిరిగేవాళ్లు కూడా ఎక్కువ. రాత్రి మొదలయ్యే సీ షిఫ్టుకు వెళ్లేవాళ్లు, అప్పుడే బీ షిఫ్టు ముగించుకుని వచ్చేవాళ్లు, వాళ్లకు తలుపు తీసేవాళ్లు ఉంటారు. కరెంటు ఉన్న రాత్రి కూడా పిల్లల్ని లేపకుండా ఇంట్లో నడవడానికి ఒక చిన్న లైటు అవసరమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 185 కిలోమీటర్లు. వేల స్తంభాలు నేలకొరిగాయి. నగరంలో రోజుల తరబడి, చాలా పల్లెల్లో అంతకంటే ఎక్కువ కాలం కరెంటు లేదు. దానికి ఐదు రోజుల ముందే, అక్టోబరు 7న, స్టాక్‌హోమ్‌లో ఆ ఏటి భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు. నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు అది ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు దక్కింది. నీలి ఎల్‌ఈడీ మీద పసుపు పూత వేస్తేనే ఇవాళ మనం వాడే తెల్ల ఎల్‌ఈడీ తయారైంది. తుఫాను తర్వాత విశాఖలో తొంభై వేలకు పైగా వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. వీధిలో దానివల్ల కరెంటు ఆదా అయింది. ఇంట్లో టార్చికి మాత్రం అది ఇంకో మేలు చేసింది, దాన్ని మనవాళ్లు పెద్దగా గమనించలేదు. పాత టార్చిలో తీగ బల్బు వెలగాలంటే 300 మిల్లీయాంపుల దాకా కావాలి. అందులో వందో వంతు ఇస్తే తీగ కాస్త వేడెక్కుతుంది తప్ప వెలగదు. ఎల్‌ఈడీ అలా కాదు, మిల్లీయాంపులో పదో వంతు ఇచ్చినా చీకటి గదిలో కంటికి స్పష్టంగా కనబడుతుంది.

లెక్క వేసి చూడండి. మంచి డబుల్ ఏ ఆల్కలైన్ సెల్లులో, నెమ్మదిగా వాడితే, 2,500 మిల్లీయాంపు గంటల సత్తా ఉంటుంది. ఎల్‌ఈడీని 20 మిల్లీయాంపులతో వెలిగిస్తే 125 గంటలు, అంటే ఐదు రోజులు వస్తుంది. ఒక మిల్లీయాంపుకు తగ్గిస్తే మూడు నెలలు దాటుతుంది. పదో వంతు మిల్లీయాంపు అయితే 25,000 గంటలు, మూడేళ్లకు కాస్త తక్కువ. ఇది కాగితం మీది లెక్క. సెల్లు తనంతట తాను పోగొట్టుకునేది, మధ్యలో మనం టార్చి వాడుకునేది తీసేసినా ఏడాదిన్నరకు, రెండేళ్లకు ఢోకా లేదు. పగలంతా వెలిగితే సెల్లులు దండగ కదా అనే భయానికి ఇదే జవాబు.

మన పెద్దవాళ్లు ఈ పనిని లాంతరుతో చేశారు. పడుకునే ముందు ఒత్తి కిందికి దించి గుడ్డి దీపంగా గుమ్మం పక్కన పెట్టేవారు. రాత్రి ఎవరు లేచినా దాన్నే అందుకుని, ఒత్తి పెంచి, పెరట్లోకి వెళ్లేవారు. కనిపించే దీపమూ పట్టుకెళ్లే దీపమూ ఒకటే. జీరో బల్బు వచ్చాక ఆ రెండూ విడిపోయాయి. గోడ మీద జీరో బల్బు ఉండిపోయింది, టార్చి బీరువాలోకి పోయింది. కరెంటు పోతే జీరో బల్బు సరిగ్గా అవసరమైన క్షణంలోనే ఆరిపోతుంది. నిత్యం వెలిగే టార్చి ఆ రెంటినీ మళ్లీ ఒకే వస్తువులోకి తెస్తుంది కాబట్టే దాని మీద నాకు ఇంత పట్టుదల. లాంతరుకు ఇంకో సుగుణం కూడా ఉండేది. వెలుగు మందగిస్తే నూనె అయిపోవస్తోందని ముందే తెలిసేది. మామూలు టార్చిలో సెల్లులు చచ్చాయన్న సంగతి స్విచ్చి నొక్కినప్పుడే బయటపడుతుంది. నిత్యం వెలిగేదైతే తాను ఎక్కడున్నదీ, తన ప్రాణం ఎంత మిగిలిందీ ప్రతి రాత్రీ చెబుతూనే ఉంటుంది.

ఇక కంటి సంగతి. టార్చి కొనేటప్పుడు మనం లైటు ఎంత దూరం పడుతుందో చూస్తాం. షాపువాడు కూడా ఎదురు మేడ మీదికి వేసి చూపిస్తాడు. ఇంట్లో రాత్రి వాడుకకు చూడాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: అతి తక్కువ వెలుగు ఎంత తక్కువ? కంటి తెరలో రంగుల్ని చూసే శంకు కణాలు, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు ఉంటాయి. చీకటికి దండ కణాలు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. నిద్ర లేచిన మనిషి కళ్లు ఆ స్థితిలోనే ఉంటాయి. తెల్ల టైల్సు వేసిన బాత్రూములో వంద ల్యూమెన్ల లైటు వేస్తే రెండు క్షణాల్లో ఆ అలవాటు చెదిరిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు మంచం కోడు కూడా కనబడదు. నిండు పున్నమి వెన్నెల నేల మీద పావు లక్సుకు మించదు, ఆ వెలుతురులోనే మనవాళ్లు తరాలుగా నడిచారు. కాబట్టి బాత్రూముకు వెళ్లి రావడానికి అర ల్యూమెను, ఒక ల్యూమెను చాలు. ఒక కొవ్వొత్తి మొత్తం వెలుగే పన్నెండు ల్యూమెన్ల చిల్లర.

రంగు విషయంలో నిపుణులు రెండు మాటలు చెబుతారు, రెండూ నిజమే. ఎరుపు కాంతిని దండ కణాలు దాదాపు పట్టించుకోవు గనుక చీకటికి అలవాటైన చూపు చెడదు, అందుకే ఓడల మీదా నక్షత్రాలు చూసేవాళ్ల దగ్గరా ఎర్ర లైట్లు ఉంటాయి. అదే కారణంగా మసక ఎరుపు చుక్క కంటికి సరిగా ఆనదు కూడా. దండ కణాలకు బాగా తగిలేది 500 నానోమీటర్ల దగ్గరి నీలం కలిసిన ఆకుపచ్చ, అంటే అతి తక్కువ కరెంటుతో కనబడేది ఆకుపచ్చ. పడకగదిలో టీవీ, దోమల మెషిన్, స్విచ్‌బోర్డు ఇండికేటరు ఇప్పటికే ఎర్ర చుక్కలు పెట్టేసి ఉంటాయి. వాటిలో టార్చిది ఏదో నిద్రకళ్లతో పోల్చుకోవాలంటే రంగు వేరుగా ఉండాలి. నా ఓటు ఆకుపచ్చకు గానీ పసుపుకు గానీ. చేతిలోకి తీసుకున్నాక పడే వెలుతురు మాత్రం వెచ్చని పసుపు ఛాయలో ఉండాలి. నీలం పాలు ఎక్కువున్న తెలుపు, ముఖ్యంగా 480 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతి, తెల్లవారిందని శరీరానికి కబురు పంపి నిద్ర చెడగొడుతుంది. శుక్లాలు మొదలైన పెద్దవాళ్ల కళ్లలో తెల్లటి లైటు చెదిరిపోయి ముందున్నదంతా పొగమంచులా చేస్తుంది.

ఇంకో చిన్న సంగతి. కంటి నడిమధ్యలో, మనం సూటిగా చూసే చోట, దండ కణాలు ఉండవు. అందుకే మరీ మసక వెలుగు సూటిగా చూస్తే మాయమై, ఓరగా చూస్తే కనబడుతుంది. టార్చి వెలుగు అంత బలహీనంగా ఉంటే పనికిరాదు, నిద్రమత్తులో ఓరగా చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం. ఏడాదిగా తీయని టార్చి ఒకటి తెచ్చి వెనక మూత తిప్పండి. మూత కరకరమంటూ వస్తుంది. స్ప్రింగు చివర తుప్పు. సెల్లు పైతొడుగు అడుగున ఉబ్బి, బంకలాంటి చెమ్మ గొట్టానికి అంటుకుని, సెల్లు జారి బయటికి రాదు, నేలకేసి తట్టాలి. కిరాణా కొట్లో చవగ్గా దొరికే జింక్ కార్బన్ సెల్లులో జింకు డబ్బాయే రుణధ్రువం. సెల్లు పనిచేసేకొద్దీ ఆ డబ్బాయే కరిగిపోతుంది, చివరికి చిల్లు పడి లోపలి ద్రావణం కారుతుంది. ఆల్కలైన్‌లో ఈ గోడ సమస్య లేదు కానీ, పూర్తిగా ఖాళీ అయ్యాక లోపల హైడ్రోజన్ పెరిగి పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి ఊరుతుంది. గాలి తగిలి తెల్లటి పొడిలా మారి పేరుకునేది అదే. ముత్యాలమ్మపాలెం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో తుప్పు ఇంకా తొందర. ఆల్కలైన్ కారితే నిమ్మరసంలో గానీ వెనిగర్‌లో గానీ ముంచిన దూదితో తుడవాలి. జింక్ కార్బన్ కారితే వంటసోడా నీళ్లు. ఆ తర్వాత బాగా ఆరనివ్వాలి. నిత్యం వెలిగే టార్చిలో సెల్లులు ఎప్పుడూ లోపలే ఉంటాయి గనుక జింక్ కార్బన్ వెయ్యనే కూడదు. వాటిని గోడ గడియారానికి వాడుకోండి. ఆల్కలైన్ వెయ్యండి, వెలుగు మందగించగానే ఆఖరి చుక్క దాకా పిండకుండా మార్చండి.

రీచార్జి సెల్లులు వాడేవాళ్లు ఒక చిక్కు గుర్తుంచుకోవాలి. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఇచ్చేది 1.2 వోల్టులే. రెండు కలిపితే 2.4, తెల్ల ఎల్‌ఈడీకి 2.7 అయినా కావాలి. రెండు సెల్లుల సాదా టార్చిలో ఇవి వేస్తే లైటు నీరసంగా ఉండటం సెల్లు తప్పు కాదు. మూడు సెల్లులవైతే బాగా పనిచేస్తాయి. 2005 నుంచి వచ్చిన, నెలల తరబడి చార్జి నిలుపుకునే రకం తీసుకోవాలి.

బజారులో కనబడే మిగతా రకాల మీద త్వరత్వరగా. మడత పిన్నులు లాగి ప్లగ్గులో పెట్టే పెద్ద చార్జింగు లైటు మనవైపు ఇంటింటా ఉంది. అందులో ఉండేది నాలుగు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి చస్తుంది, రోజుల తరబడి ప్లగ్గులో మరిచిపోతే ఎండిపోతుంది. వారం వారం గుర్తుపెట్టుకుని చార్జి చేసేవాళ్లకే అది, నిత్యం వెలిగే పనికి కాదు. లిథియం టార్చిలు మంచివి, కొన్నిటి స్విచ్చిలోనే చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతూ ఉంటుంది. దొరికితే తీసుకోండి. కానీ డబ్బా మీద 9,800 మిల్లీయాంపు గంటలని రాసి ఉంటే ఆ కొట్టు దిగి వచ్చేయండి. అలాంటి టార్చిల్లో మామూలుగా వేసే సెల్లులో 3,500 దాటడమే కష్టం. కరెంటు పోగానే తనంతట తాను వెలిగే ఇన్వర్టర్ బల్బు హాలుకు మంచి తోడు, మూడు నాలుగు గంటలు వస్తుంది, కానీ పెరట్లోకి పట్టుకెళ్లే వస్తువు కాదు. తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ నెత్తిన బిగించే చిన్న లైట్లు విదేశాల్లో ఈ పనికి బాగా పేరున్నవే. ఆ బ్యాటరీలో 500 మిల్లీయాంపు గంటలే ఉంటాయి, రెండు డబుల్ ఏ సెల్లుల్లో ఉన్న శక్తిలో ముప్పావు వంతు కూడా కట్టదు, ధర మాత్రం ఎక్కువ. నాణెం సెల్లులతో పనిచేసే బుల్లి లైట్లు పిల్లలున్న ఇంట్లోకి తేవద్దు. ఆ సెల్లు మింగితే ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

సెల్లే అక్కర్లేని దారి ఒకటుంది. బండి నంబరు ప్లేట్ల దగ్గర అంటించే రేడియం స్టిక్కరు కాదు, అది మన లైటునే తిప్పికొడుతుంది తప్ప సొంతంగా వెలగదు. 1990లలో జపాన్‌లో తయారైన స్ట్రాన్షియం అల్యూమినేటు పొడి పూసిన పట్టీ వేరు. ట్యూబులైటు కింద కాసేపు ఉంటే రాత్రి కొన్ని గంటలు ఆకుపచ్చగా వెలుగుతుంది. తెల్లవారుజామున మందగించినా చీకటికి అలవాటైన కంటికి ఆనుతుంది. టార్చి నడుముకు ఒక చుట్టు చుడితే సెల్లు పోయినా ఆచూకీ తెలుస్తుంది. దీన్ని రెండో వరుస రక్షణగా నేను గట్టిగా సిఫారసు చేస్తాను. బీరువాలో పెడితే మాత్రం దానికి వెలుతురు తిండి ఉండదు. ట్రిటియంతో ఏళ్ల తరబడి వెలిగేవి కూడా ఉన్నాయి, పన్నెండేళ్లకు పైగా గడిస్తే గానీ అందులోని ట్రిటియం సగానికి తగ్గదు. కానీ అది రేడియోధార్మిక పదార్థం, ఇంటి వాడకానికి దాని జోలికి పోనక్కర్లేదు.

టార్చికి మసక వెలుగు ఒక్కటే ఉంటే సరిపోదని చెప్పే కారణం పాము. 2000 నుంచి 2019 వరకు లెక్కలు తీసిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారు. కట్లపాము రాత్రే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. రక్తపింజరి పొలం గట్ల మీదా గడ్డివాముల దగ్గరా ఉంటుంది. వానాకాలంలో పెరట్లోకి అడుగు వేసే ముందు లైటు వెయ్యాలి, అదీ నిండుగా వెయ్యాలి. అందుచేత మంచి ఇంటి టార్చి మూడు అంచెల్లో ఉండాలి: ఎప్పుడూ ఉండే చుక్క వెలుగు, ఒక నొక్కుకు వెన్నెల, రెండో నొక్కుకు నిండు లైటు. ఈ వరుస ముఖ్యం. చాలా టార్చిలు మొదటి నొక్కుకే కళ్లు చెదిరేలా వెలిగి, తర్వాత సగం, ఆ తర్వాత టపటపా కొట్టుకునే లైటు ఇస్తాయి. కొట్టుకునే లైటు ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు.

గ్యాసు మాట చెప్పకుండా ఈ ప్రాంతంలో టార్చి గురించి రాయలేం. 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖ వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది, కనీసం పన్నెండు మంది చనిపోయారు. నిద్రలోంచి లేచి, చీకట్లో, పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తిన రాత్రి అది. అదే ఏడాది జూన్ చివర పరవాడ ఫార్మాసిటీలో ఒక పరిశ్రమలో రాత్రిపూట విషవాయువు లీకై ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. జూలైలో మరో చోట రాత్రి మంటలు లేచాయి. ఇంత ప్రమాదం పక్కన బతికే ఊళ్లలో పక్కమీంచి లేవకుండానే చేతికందే లైటును విలాసం అనుకోకూడదు. అయితే వంటగ్యాసు వాసన వస్తే నియమం వేరు. ఏ స్విచ్చీ వెయ్యకూడదు, తియ్యకూడదు, టార్చి స్విచ్చి కూడా. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోను చెయ్యాలి. నిత్యం వెలిగే టార్చికి స్విచ్చి నొక్కనక్కర్లేదు కాబట్టి పర్వాలేదు అనుకోవడం కూడా తప్పే. గ్యాసున్న చోట వాడదగ్గది ఫ్లేమ్‌ప్రూఫ్ టార్చి ఒక్కటే. ఫ్యాక్టరీల్లో అలాంటి పరికరాలకు నాగపూరులోని పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ధ్రువీకరణ ఉంటుంది. గ్యాసు వాసన వేస్తే ఇంటి టార్చిని ఉన్నచోటే వదిలెయ్యండి.

చివరికి నేను ఎంచుకునేది ఇదీ: రెండు డబుల్ ఏ ఆల్కలైన్ సెల్లులు, తిప్పితే వచ్చే రబ్బరు వాషరున్న మూత, వెచ్చని ఎల్‌ఈడీ, పసుపు చుక్క వెలుగు. పసుపు ఎల్‌ఈడీకి 1.8 వోల్టులు చాలు గనుక పెద్ద లైటు నీరసించాక కూడా అది వెలుగుతుంది. ఇలాంటిది అచ్చంగా గాజువాకలో గానీ అనకాపల్లిలో గానీ అడగ్గానే తీసి ఇస్తారని చెప్పను. కానీ రేడియో, టీవీ రిపేరు చేసే షాపులో అరగంట పని. స్విచ్చి దాటించి, సెల్లులకు నేరుగా ఒక పసుపు ఎల్‌ఈడీ, దానితో వరుసలో 10 కిలో ఓముల రెసిస్టరు అతికించమనండి. లాగేది 0.12 మిల్లీయాంపు, లెక్క ప్రకారం రెండేళ్లకు పైగా వస్తుంది. మూడు ట్రిపుల్ ఏ సెల్లులతో నడిచే చవక టార్చి అయితే ఇంకా సులువు. ఎలక్ట్రానిక్ సర్క్యూటు లేని సాదా స్విచ్చి అయితే చాలు, దాని రెండు కొసల మధ్య అదే రెసిస్టరు అతికిస్తే ఉన్న తెల్ల ఎల్‌ఈడీలే మసకగా వెలుగుతూ ఉంటాయి. సెల్లులు ఎనిమిది నెలలు వస్తాయి.

తెచ్చిన రాత్రే పరీక్ష చెయ్యండి. మంచం తలవైపు, పడుకుని చెయ్యి చాస్తే అందే ఎత్తులో మేకుకు తాడుతో వేలాడదీసి, గదంతా చీకటి చేసి ఇరవై నిమిషాలు ఉండండి. మంచం మీంచీ, గుమ్మంలోంచీ, సూటిగా చూసినా అది కనబడాలి. ఇంట్లో కళ్లు మసకబారిన పెద్దవాళ్లుంటే వాళ్లను కూడా చూడమనండి. వాళ్లకు కనబడకపోతే 10 కిలో ఓముల రెసిస్టరు తీయించి 4.7 కిలో ఓములది వేయించండి. వెలుగు రెట్టింపవుతుంది, సెల్లుల ఆయుష్షు సగమవుతుంది.